పాటపెట్టె: నాలుగున్నర లక్షలు పెట్టినా ఫిడేలు పలకడం లేదు

ప్రశ్న: ఒడియా హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. చేతికొచ్చిన డబ్బులోంచి నాలుగున్నర లక్షలు పెట్టి విశాఖపట్నంలో ఒక జత నిలువు స్పీకర్లు, ఆంప్లిఫయరు, ఇంటర్నెట్ నుంచి పాటలు అందించే స్ట్రీమరు కొన్నాను. షాపులో విన్నప్పుడు కళ్ళు చెమర్చాయి. ఇంట్లో పెట్టాక ఆ పాట కాదిది. బేస్ గిటారు ఒక స్వరం దగ్గర హాలంతా బుయ్యిమంటుంది, పక్క స్వరం దగ్గర వినబడనే వినబడదు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి పాత గ్రామఫోను రికార్డు పెడితే గరగర. చిన్నప్పుడు మా నాన్నగారి రేడియోలో ఆ ఫిడేలు ఎంత బాగుండేది! మా అబ్బాయి కేబుళ్ళు మార్చమంటున్నాడు, ముప్ఫై వేలట. హాలు 14 అడుగుల పొడవు, 11 వెడల్పు, నేలంతా టైల్స్. స్పీకర్లకు ఎదురుగా వెనక గోడకు ఆనించిన సోఫాలో కూర్చుని వింటాను. కేబుళ్ళు కొనమంటారా?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: మాస్టారూ, ముందు ఆ ముప్ఫై వేలు బ్యాంకులోనే ఉంచండి. జీవితమంతా ఒడియా బడిలో పాఠాలు చెప్పి, నాకు అయిదు పేజీల ఉత్తరం చక్కని తెలుగులో రాశారు. ఇక్కడ దాన్ని కుదించి వేశాను గానీ, మూడుసార్లు చదివాను. మీ బాధ నాకు తెలుసు. మీ సామాన్లలో లోపమున్నట్టు నాకు అనిపించడం లేదు. మీరు షాపునుంచి తెచ్చుకోలేనిది ఒకటుంది, ఆ షాపు గది. కింద మందపాటి తివాచీ, చుట్టూ కర్టెన్లు, మెత్తటి సోఫాలు ఉండి ఉంటాయి. మీ హాల్లో టైల్స్, నున్నటి గోడలు, పైన స్లాబు.

పర్లాకిమిడిలో మా నాన్న మైకుసెట్టు నడిపేవారు. పెళ్ళిపందిట్లో మైకు కట్టాక ఆయన మెషీను దగ్గర నిలబడేవారు కాదు. పందిరి చివర వంటవాళ్ళున్న చోటికి నడిచి వెళ్ళి, పొయ్యి పక్కన నిలబడి వినేవారు. తిరిగొచ్చి బూర మైకుని జానెడు పక్కకి తిప్పేవారు, అంతే. అప్పటిదాకా గోలగా ఉన్న మంత్రం అక్షరం అక్షరం తేటగా వినబడేది. పదేళ్ళ వయసులో అది చూశాను. ఇప్పటికీ ఎవరింటికి సెట్టు బిగించడానికి వెళ్ళినా ముందు గదంతా తిరిగి వింటాను.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి లెక్కే చెబుతాను. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. మీ హాలు 14 అడుగులు, అంటే 4.27 మీటర్లు. ఎదుటి గోడకు పోయి తిరిగి రావడానికి 8.54 మీటర్లు. 343ని 8.54తో భాగిస్తే 40 వస్తుంది. అంటే 40 హెర్ట్జ్ (సెకనుకు 40 కంపనాలు) దగ్గర ఆ రెండు గోడల మధ్య శబ్దం ఊయల ఊగినట్టు తనకు తానే బలపడుతుంది. బేస్ గిటారులో అన్నిటికంటే కింది స్వరం పలికే తీగ 41 హెర్ట్జ్! ఆ తీగ మీటినప్పుడల్లా మీ హాలు తనూ మోగుతోంది. ఈ ఊపు గోడల దగ్గర ఎక్కువ, సరిగ్గా హాలు మధ్యలో దాదాపు సున్నా. దాని రెట్టింపు 80 దగ్గర లెక్క మారుతుంది, మధ్యలోనూ బలమే. పదకొండడుగుల వెడల్పుకి ఇలాగే 51 వస్తుంది. అందుకే ఒక స్వరం బుయ్యిమంటే దాని పక్కది మాయమవుతోంది. మీరేమో వెనక గోడకే ఆనుకుని కూర్చున్నారు. సోఫాని నాలుగడుగులు ముందుకు జరపండి. స్పీకర్లను కూడా గోడకు, మూలకు దూరంగా రెండడుగులైనా లాగండి. ఒక్కో జానెడు జరుపుతూ, అదే పాట పెట్టి వినండి. ఒక పూట పడుతుంది. అమ్మగారు కాస్త విసుక్కుంటారు, ఓపిక పట్టమనండి.

తరవాత హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్టు కొట్టండి. ట్ర్‌ర్‌ మని వణుకుతూ పోయిందంటే ఎదురెదురు గోడలు శబ్దాన్ని బంతాడుతున్నట్టే. ఫిడేలు గీరుకుపోవడంలో దానికీ పాలుంది. సోఫాలో మీరు కూర్చుని, పక్కగోడ వెంబడి ఎవరినైనా అద్దం పట్టుకుని నడవమనండి. మీ చెవి ఎత్తులో పట్టుకోవాలి. ఎక్కడ అద్దంలో మీకు స్పీకరు కనబడితే, అక్కడ తగిలిన శబ్దం నేరుగా మీ చెవికే వస్తోందన్నమాట. ఆ చోట బొంత వేలాడదీయండి. మా ఇంట్లో అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత ఉంది, నాలుగు పొరలది. గోడకు అంటకుండా బెత్తెడు ఎడం ఉండేలా కర్రకు తగిలించాను. వేలాడదీసిన సాయంత్రమే గాయని ఊపిరి పీల్చడం వినబడింది. రెండో గోడకు పుస్తకాల బీరువా చాలు. నేలమీద, స్పీకర్లకూ సోఫాకూ మధ్య, మందపాటి జంపకానా పరవండి. బొంతలు బేస్ శబ్దాన్ని మాత్రం ఆపలేవు. దానికి సోఫా జరపడమే మందు.

ఇంకొకటి, ఎందుకైనా మంచిది, చూసుకోండి. నేను మొదటిసారి సొంతానికి ఖరీదైన స్పీకర్లు కొన్నప్పుడు మూడు వారాలు అన్నం సయించలేదు. గొంతు రెండు స్పీకర్ల నడుమ నిలబడదు, ఎక్కడో చెదిరిపోయినట్టుంటుంది, బేస్ పల్చన. ఒక రాత్రి టార్చి వేసి చూస్తే ఎడమ స్పీకరు వెనక ఎర్రవైరు నల్లదానికి, నల్లవైరు ఎర్రదానికి బిగించి ఉంది. సెట్టు బిగించిన కుర్రాడి పొరపాటు. ఒక స్పీకరు ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, రెండిటి బేస్ శబ్దం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. మార్చి బిగించాక గాయకుడు నా ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

ఇక ద్వారంవారు. ఆయన 1964లో వెళ్ళిపోయారు. మీరు వింటున్నది నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేటు నుంచి ఎక్కించినది. ఒక వైపు మూడు నిమిషాల చిల్లర, ఒకే చానెలు. సూది గీతలో పరుగెత్తిన గరగర అందులోనే ఉంది. నాన్నగారి మీడియం వేవ్ రేడియో అంత సన్నటి శబ్దాన్ని పలికేదే కాదు, గరగర దానిలోనే ఆగిపోయేది. దాని చిన్న స్పీకరుకి 40 హెర్ట్జ్ పలికే శక్తీ లేదు, కాబట్టి ఇల్లు ఎప్పుడూ మోగలేదు. ఫిడేలుకి కావలసిన నడిమి భాగం మాత్రం చక్కగా పలికేది. మీ జ్ఞాపకం తప్పు కాదు మాస్టారూ, రేడియో నిజంగానే బాగుండేది. ఆంప్లిఫయరు మీద మోనో బటన్ (రెండు స్పీకర్లకూ ఒకే శబ్దం పంపేది) ఉంటే అది నొక్కి, ట్రెబుల్, అంటే సన్నటి శబ్దం, కొంచెం తగ్గించి వినండి, గరగర కొంత అణుగుతుంది. అదే కచేరీ ముక్కని వేరే వేరే చోట్ల నుంచి వెతికి పోల్చండి. గరగర తీసేస్తామని కొందరు కమాను రాపిడిని కూడా తుడిచేస్తారు. నాకు అది చూస్తే కోపం వస్తుంది, ఆ రాపిడిలోనే కదా ఆయన చెయ్యి ఉన్నది. గరగర ఉన్నదాన్నే ఎంచుకోండి.

కేబుల్ సంగతి. కరెంటు సామాన్ల షాపులో 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు తీసుకోండి. అయిదు మీటర్ల దూరానికి పోనూ రానూ కలిపి దాని నిరోధం 0.07 ఓమ్. మీ స్పీకరు 8 ఓమ్‌లదైతే అది లెక్కలోకే రాదు. అబ్బాయికి ఈ లెక్క మీరే వేసి చూపించండి.

ప్రశ్న: లాప్‌టాప్ నుంచి ఆంప్లిఫయరుకి కలిపితే స్పీకర్లలో గుయ్యిమని మోత. చార్జరు పీకేస్తే ఆగిపోతోంది. ఆంప్లిఫయరు మార్చాలా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: వద్దమ్మా. చార్జరుకీ ఆంప్లిఫయరుకీ ఎర్తు వేరే వేరే దారుల్లో వెళ్ళి, మధ్యలో ఆడియో వైరుతో చుట్టు పూర్తవుతోంది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ మోత దాని తాలూకుదే. రెండిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టి చూడండి. తగ్గకపోతే ఆడియో వైరు మధ్యలో పెట్టే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు దొరుకుతుంది, ఖరీదు తక్కువే. ఎర్త్ పిన్ను విరిచేస్తే మోత పోతుందని ఎవరైనా చెబితే వినకండి. షాక్ కొడుతుంది, ఇంట్లో పిల్లలున్నారని రాశారు.