మందుల్లేని తొలి కిడ్నీ మార్పిడి

ప్రశ్న: అన్న కిడ్నీ పెట్టినా జీవితాంతం మందులు తప్పవని మా ఉద్దానంలో రోగులకు చెబుతున్నారు. విజయవంతమైన తొలి మార్పిడి మందులు లేకుండానే ఎలా నిలిచింది?
– ఒక పాఠకురాలు, కవిటి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఆ శస్త్రచికిత్స చేసిన డాక్టర్ జోసెఫ్ ముర్రే ప్లాస్టిక్ సర్జన్. రెండవ ప్రపంచ యుద్ధంలో కాలిన గాయాలతో వచ్చిన సైనికులకు ఇతరుల చర్మం అతికిస్తున్నప్పుడు, శరీరం దానిని కొంతకాలానికి తిరస్కరించడం ఆయనను ఆలోచింపజేసింది. యుద్ధానంతరం బోస్టన్‌లో కుక్కలపై కిడ్నీ మార్పిడి పద్ధతిని సాధన చేసి, 1954 డిసెంబరు 23న ఒకే పోలికగల కవలలలో ఒకరి కిడ్నీని మరొకరికి అమర్చారు. అంతకుముందే ఒకరి చర్మపు ముక్కను మరొకరికి అతికించి, అది నిలవడం చూశారు. ఈ జాగ్రత్తే నాకు అన్నిటికన్నా గొప్పదిగా తోస్తుంది. ఇద్దరి జన్యువులూ ఒకటే కాబట్టి తిరస్కారం రాలేదు, గ్రహీత మరో ఎనిమిదేళ్లు జీవించాడు.

అలాంటి కవలలు లేని మిగిలిన రోగులకు దారి చూపింది, శరీరపు తిరస్కారాన్ని అణచే అజాథయోప్రిన్ అనే మందు. దాని సాయంతో 1962లో మరణించిన దాత కిడ్నీని ముర్రే బృందం విజయవంతంగా అమర్చింది. 1990లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. మామూలు అన్నదమ్ముల జన్యువులలో తేడాలుంటాయి కనుక, మీ ఊరి రోగులు డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా మందు మానకూడదు.