టెక్కలి క్రషర్ డస్ట్ పొలంలో చల్లితే కార్బన్ డబ్బులొస్తాయా?

"మాది టెక్కలి దగ్గర, చుట్టూ గ్రానైట్ క్వారీలే, రాతిపొడి పొలంలో చల్లితే గాలిలో కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుందనీ దానికి డబ్బులిస్తారనీ ఒకాయన చెప్పాడు, మా క్రషర్ డస్ట్ పనికొస్తుందా" అని ఒకరు అడిగారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు గానీ ఆ మాట మన రాయి గురించి కాదు, అదీ అసలు గొడవ.

అది బసాల్ట్ గురించి, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయి. వాన నీళ్లలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొంచెం కరిగి పలచటి యాసిడ్ అవుతుంది, అది రాయిని తినేసి కాల్షియం, మెగ్నీషియం బయటికి లాగుతుంది, ఆ కార్బన్ బైకార్బనేట్‌గా మారి ఏటి నీళ్లతో సముద్రానికి పోతుంది. అక్కడ గుల్లలు, పగడాలు దాన్ని సున్నం కింద మార్చేటప్పుడు సగం కార్బన్ మళ్లీ వెనక్కి వచ్చేస్తుంది, మిగతా సగమే రాయిగా ఉంటుంది, ఈ సంగతి రాతిపొడి అమ్మేవాడు చెప్పడు. ఐస్‌లాండ్‌లో 2012లో కార్బన్ డయాక్సైడ్‌ని నీళ్లలో కలిపి బసాల్ట్ లోపలికి పంపిస్తే రెండేళ్లలోపే 95 శాతం దాకా కార్బనేట్ (సున్నపురాయి లాంటి) రాయి అయిపోయిందని 2016లో రీసెర్చ్ పేపర్ వేశారు. అది బసాల్ట్ కాబట్టి. దాంట్లో సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, 50 శాతం దగ్గర్లో ఉంటుంది, కాల్షియం మెగ్నీషియం దండిగా ఉంటాయి. గ్రానైట్‌లో సిలికా మామూలుగా 70 శాతం చుట్టూ ఉంటుంది, ఆ రెండూ తక్కువ, అందులోని క్వార్ట్‌జ్ (పలుగురాయి) అయితే ఏ యాసిడ్ వానకీ లొంగదు.

నేను డిగ్రీలో జియాలజీ చదివాను, ఉద్యోగం వేరే అనుకోండి. జియాలజీ అంటే చుట్టాలందరికీ బోరు పాయింట్ పెట్టేవాడనే లెక్క, తీరా పాయింట్ చెప్తే నమ్మరు, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగే ఆయనకి మాత్రం భోజనం పెట్టి డబ్బులిచ్చి పంపుతారు. సరే అది వదిలేయండి.

మన రాయి ఎంత నెమ్మదిగా కరుగుతుందో నాకు పుస్తకంలో కాదు, మా మేనమామ గారి పొలంలో నుయ్యి తవ్వుతుంటే తెలిసింది. పైన ఎర్రమట్టి, దాని కింద గ్రావెల్, ఇంకా దిగాక రాయి తగిలిందని మావయ్య కంగారు పడిపోయారు, బ్లాస్టింగ్ అంటే ఖర్చు కదా. మేస్త్రి గునపంతో ఒక్క పోటు పొడిచి "సచ్చిన రాయి బావూ ఇది, సేత్తోనే రాలిపోతాది" అని ఒక పెళ్ల పైకి విసిరాడు. చూస్తే అచ్చం రాయే, చారలు, గింజలు ఎక్కడివక్కడే ఉన్నాయి, పట్టుకుని నలిపితే మాత్రం పొడి. అందులో తెల్లగా పిండిలా రాలింది ఒకప్పటి ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం, నీళ్లు దాన్ని తెల్ల బంకమట్టి చేసేశాయి. ఎర్రగా మరకలున్నది గార్నెట్ అనే ఎర్ర ఖనిజంలోని ఇనుము తుప్పు. క్వార్ట్‌జ్ గింజలు మాత్రం చెక్కుచెదరలేదు, వేళ్లకి గరగరమంటూ తగిలాయి. ఆ మెత్తటి పొర మధ్యలోనే గుండ్రాళ్లు, బయట ఉల్లిపొరల్లా ఊడొస్తున్నాయి, లోపల మాత్రం నీలంగా గట్టిగా సుత్తి దెబ్బకి ఖంగుమంటున్నాయి. ఎన్ని వేల ఏళ్ల వానలు దిగితే రాయి పైపై పొర అంత మారిందో, లోపలిదింకా అలాగే ఉంది! మావయ్య మాత్రం "ఏటిరా మట్టి ముద్ద పట్టుకుని అలా సూస్తన్నావు, నీళ్లెప్పుడు పడతాయో సెప్పు" అన్నారు.

ఇంకో మాట. శ్రీకాకుళం బ్లూ, అంటే మన గ్రానైట్‌నే, జనం ఎందుకు కొంటారు? ఎండకీ వానకీ తొందరగా చెడదనే కదా సమాధుల మీదా గుమ్మాల కిందా వేయించుకుంటారు. అదే రాయి పొడి చేసి చల్లగానే నాలుగు పంటల్లో కరిగిపోవాలంటే ఎలాగండీ? పొడి చేస్తే నీళ్లు తగిలే చోటు పెరుగుతుంది, వేగం కూడా పెరుగుతుంది, కాదనను. కానీ కరగడానికి కాల్షియం మెగ్నీషియం తక్కువున్న రాయిని ఎంత మెత్తగా దంచినా లాభమేంటి?

బసాల్టే కావాలంటే మనకి దగ్గరలో ఉన్నది రాజమండ్రి వైపు కాటేరు, పంగిడి రాయి. అక్కడినుంచి లారీల్లో తెప్పిస్తే డీజిల్ పొగ ఎంత, రాయి పీల్చేది ఎంత, ఆ లెక్క ముందు వేసుకోండి. డబ్బులనేవి కూడా ఊరికే రావు, మట్టి శాంపిళ్లు తీసి టెస్టులు చేయించి, కార్బన్ నిజంగా పోయిందని కొలిచి చూపించాలి. ఒక ట్రాక్టర్ డస్ట్ చల్లేసి ఫోటో తీసి పంపితే ఎవడూ ఇవ్వడు.

నన్నడిగితే ఈ డస్ట్ గోల అంతా క్రషర్ దగ్గర పేరుకున్న గుట్టల్ని రైతు మీదకి తోసేయడానికే. టిప్పర్లకి టార్పాలిన్ కప్పమంటే కప్పరు, రోడ్డు పక్క జీడిమామిడి పూత మీద బూడిద రంగు పొర, అప్పుడు పట్టించుకోని వాళ్లకి ఇప్పుడు వాతావరణం మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

అయినా తీసుకుంటానంటే ఆ డస్ట్‌లో కాల్షియం, మెగ్నీషియం ఎంత శాతం ఉన్నాయో ల్యాబ్ రిపోర్ట్ చూపించమనండి, నోటిమాట వద్దు. చల్లేటప్పుడు తడిపి చల్లించండి, మాస్క్ పెట్టించండి, మెత్తటి క్వార్ట్‌జ్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది, దానికి మందు లేదు. కూలికొచ్చిన వాళ్లకి తువ్వాలు కట్టుకోమని చెప్పి ఊరుకోకండి, తువ్వాలు ఆ దుమ్ముని ఆపదు.