పైగదిలో చలి పోవాలంటే పెద్ద ఫర్నేస్ వేయించాలా?

ప్రశ్న: మేము షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటామండీ. రెండంతస్తుల ఇల్లు, 2,000 స్క్వేర్ ఫీట్ ఉంటుంది. బేస్‌మెంట్‌లో గ్యాస్ ఫర్నేస్ బాగా పాతదైపోయింది, లేబుల్ మీద ఇన్‌పుట్ గంటకి 1,00,000 బీటీయూ (వేడిని కొలిచే యూనిట్), 80 శాతం ఎఫిషియన్సీ అని ఉంది. కాంట్రాక్టర్ వచ్చి ఇల్లెంత అని అడిగి, 1,20,000ది వేయించుకోండని కోట్ ఇచ్చి వెళ్లిపోయాడు. ఖమ్మం నుంచి వచ్చిన అమ్మానాన్న పడుకునే పైగది చల్లగా ఉంటోంది, పెద్దదే తీసుకుందామా?

జవాబు: వద్దండీ, తొందరపడి సంతకం పెట్టకండి. పైగది చలికి కారణం ఫర్నేస్ చిన్నదవ్వడం కాకపోవచ్చు. పెద్దది పెడితే కింద హాలు గబగబా వేడెక్కిపోతుంది, థర్మోస్టాట్ ఉండేది అక్కడేగా, అది చాలనుకుని ఆపేస్తుంది, పైగదికి వేడిగాలి సరిగ్గా చేరకముందే మంట ఆరిపోతుంది, కాసేపటికి మళ్లీ వెలుగుతుంది, ఇలా రాత్రంతా వెలగడం ఆరడమే. పార్టులు త్వరగా అరుగుతాయి, మోత కూడా ఎక్కువే, పైగా పాత డక్టులు, అంటే గదులకి వేడిగాలి తీసుకెళ్లే గొట్టాలు, అంత గాలి మోయలేకపోతే ఫర్నేస్ లోపల వేడి పెరిగిపోయి సేఫ్టీ స్విచ్ మధ్యలోనే కట్ చేస్తుంది.

మీ ఇంటికి ఎంత కావాలో మీ పాత ఫర్నేసే చెబుతుంది. బయట సున్నా ఫారెన్‌హీట్ దగ్గరకి పడిపోయిన రాత్రి థర్మోస్టాట్ కదపకుండా, గంటలో బర్నర్ మొత్తం ఎన్ని నిమిషాలు వెలిగిందో రాసుకోండి. ఫ్యాన్ టైమ్ కాదు, మంట టైమ్, ఎందుకంటే మంట ఆరాక కూడా ఫ్యాన్ కాసేపు తిరుగుతుంది. 35 నిమిషాలు వెలిగిందనుకుందాం. మీ దాంట్లోంచి ఇంట్లోకొచ్చే వేడి గంటకి 80,000, మిగతాది పొగగొట్టంలో పోతుంది. 80,000లో 60కి 35 వంతులంటే సుమారు 46,700. కొత్తగా 96 శాతం ఎఫిషియన్సీది, 60,000 ఇన్‌పుట్ ఉన్నది తీసుకుంటే 57,600 ఇస్తుంది, అంటే సరిపోయి ఇంకా మిగులుతుంది! 1,20,000 ఎక్కడ, ఇదెక్కడ?

ఇది మన అంచనా మాత్రమే, కాంట్రాక్టర్‌ని మాత్రం మాన్యువల్ జే లెక్క చేసి కాగితం చూపించమని అడగండి. గోడలు, కిటికీలు, ఆటిక్ ఇన్సులేషన్, గాలి లీకులు అన్నీ చూసి గది గదికీ వేసే లెక్క అది, స్క్వేర్ ఫీట్ ఒక్కటే అడిగి సైజు చెప్పేవాళ్లకి పని ఇవ్వకండి. రెండు స్టేజీలదైతే ఇంకా మంచిది, మామూలు రోజుల్లో చిన్న మంట మీద ఎక్కువసేపు నడుస్తుంది.

ఇక పైగది సంగతి. ముందు ఫిల్టర్ మార్చండి, బేస్‌మెంట్‌లో ఆ గదికెళ్లే డక్ట్ మీద చిన్న పిడి ఉంటుంది, అది డక్ట్‌కి అడ్డంగా తిరిగి ఉంటే మూసుకున్నట్టే, పొడవునా తిప్పండి. ఆ గదిలో రిటర్న్ (గది గాలిని ఫర్నేస్‌కి వెనక్కి తీసుకెళ్లే దారి) లేకపోతే రాత్రి తలుపు కొంచెం తెరిచి ఉంచమనండి అమ్మావాళ్లని, గాలి బయటికి వెళ్లే దారి లేకపోతే కొత్త గాలి లోపలికి సరిగ్గా రాదు.

ఒక్క జాగ్రత్త. 96 శాతందానికి ప్లాస్టిక్ పైపు వేరేగా గోడలోంచి వెళుతుంది, అప్పుడు పాత చిమ్నీకి వాటర్ హీటర్ ఒక్కటే మిగిలితే ఆ చిమ్నీ దానికి మరీ పెద్దదై పొగ ఇంట్లోకి తిరిగొచ్చే ప్రమాదం ఉంది. చిమ్నీ లోపల లైనర్ (సన్నటి గొట్టం) వేస్తారా లేదా కోట్‌లోనే రాయించుకోండి, పడగ్గదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఇవాళే పెట్టండి.