ఎనిమిది లక్షలా, కోటికి పైగానా?

ప్రశ్న: 1911లో 25.21 కోట్లున్న మన దేశ జనాభా 1921 నాటికి 25.13 కోట్లకు తగ్గిందని మా అబ్బాయి పాఠ్యపుస్తకంలో ఉంది. అంటే తగ్గింది ఎనిమిది లక్షలే. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాకే కోటి మందికి పైగా బలయ్యారని వేరొకచోట చదివాను. ఏది నిజం? మా ముత్తాతగారి అన్నగారు ఆ ఏడాదే విషజ్వరంతో పోయారని నాయనమ్మ చెప్పేవారు. అది ఇదేనా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రెండూ నిజమే. జనాభా లెక్కలు చనిపోయినవారిని లెక్కపెట్టవు, లెక్క జరిగిన నాటికి మిగిలినవారిని చెబుతాయి. 1901లో 23.84 కోట్లున్న జనం 1911 నాటికి 1.37 కోట్లు పెరిగారు. తరువాతి పదేళ్లలోనూ అంతే పెరిగి ఉంటే 1921లో 26.58 కోట్లు ఉండవలసింది. అంటే అసలు లోటు ఎనిమిది లక్షలు కాదు, దాదాపు కోటిన్నర. (ఈ అంకెలు నేటి సరిహద్దులకు సవరించినవి, మరణాల అంచనాలు అవిభక్త భారతానికి చెందినవి. కనుక రెండూ అణా పైసలతో సరిపోవు.)

ఆ లోటంతా ఒక్క ఇన్‌ఫ్లుయెంజాదే అనలేము. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు అప్పటికింకా ఆగలేదు, కలరా, మలేరియా ఏటా ఉండనే ఉన్నాయి. అయితే 1918 జూన్‌లో బొంబాయి రేవులో కనిపించి, సెప్టెంబరు తరువాత మరింత ప్రాణాంతకంగా మళ్లీ విజృంభించిన ఆ జ్వరం కొద్ది నెలల్లోనే 1.2 కోట్ల నుంచి దాదాపు రెండు కోట్ల మందిని తీసుకుపోయిందని అంచనా. మామూలు ఫ్లూ పసివాళ్లను, ముసలివాళ్లను కాటేస్తుంది; ఇది 20 నుంచి 40 ఏళ్లవారిని ఎక్కువగా కాటేసింది. మన దేశంలో పురుషులకంటే స్త్రీలు ఎక్కువగా పోయారు. ఇంటిల్లిపాదీ మంచాన పడితే సేవ చేసినవారు, అందరూ తిన్న తరువాత మిగిలింది తిన్నవారు వారే కదా! పిల్లల్ని కనవలసిన వయసువారే పోవడంతో మరుసటి ఏడాది జననాలు కూడా పడిపోయాయి. పుట్టవలసిన ఆ పిల్లలు ఏ మరణాల పట్టికకూ ఎక్కరు.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి, ధాన్యం ధరలు మండిపోయాయి. తిండి లేని ఒంటిమీద రోగం ఎంత పని చేస్తుందో మన జిల్లాకు అంతకు ముందే తెలుసు. 1832–33లో, నందన నామ సంవత్సరపు డొక్కల కరువులో, అయిదు లక్షల గుంటూరు జిల్లా జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది ఆకలికీ, దాని వెంట వచ్చిన కలరావంటి రోగాలకూ పోయారని చెబుతారు. ఎవరు దేనితో పోయారో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాలేదు.

1918లో బొంబాయి, మధ్య పరగణాలతో పోలిస్తే మన గుంటూరు అప్పుడున్న మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) మరణాలు తక్కువే. ఇక మీ ముత్తాతగారి అన్నగారి సంగతి. ఆనాటి చావుల లెక్క గ్రామాధికారులు రాసిన పుస్తకాలనుంచే వచ్చేది. వైద్యుడు చూసి నిర్ణయించింది కాదు కనుక ఇన్‌ఫ్లుయెంజా చావులు చాలావరకు 'జ్వరాలు' అనే గడిలోనే పడ్డాయి. ఆయన పోయింది ఆ ఏటి శరదృతువులో అయితే, అందులోనూ నడివయసు దాటక ముందే అయితే, ఇదే అనుకోవడానికి అవకాశం ఎక్కువ. ఆయన తిథి ఏ మాసంలో వస్తుందో ఇంట్లో పెద్దవారిని అడిగి చూడండి.