సముద్రపొడ్డున మత్స్యకార పాళెంలో పాత ఇల్లు కొనొచ్చా? కొని ఉంటున్నవాడిగా నా జవాబు

తిరుపతిలో పదేళ్ళుగా అద్దెకుంటున్నామని, ఇక్కడ స్థలం ధర మన చేతికి అందేలా లేదని, వాకాడు మండలంలో సముద్రపొడ్డున ఒక మత్స్యకార పాళెంలో 12 అంకణాల పాత మిద్దె 10 లక్షలకు వస్తోందని రాశారు. బయటివాళ్ళను ఉండనిస్తారా, కాగితాలు ఏం చూడాలి, పిల్లలతో కాపురం చేయగలమా అని అడిగారు.

నాదీ తిరుపతే, కొర్లగుంట. డీజిల్ ఇంజన్ల మెకానిక్కును. ఫైబర్ బోట్ల ఇంజన్లు బాగుచేసే పని మీద 2014లో ఆ తీరానికి పోయాను. మూడేళ్ళు అద్దెకుండి 2017లో అక్కడే ఇల్లు కొన్నాను. మీరు చెప్పిన పాళెమూ మాదీ దాపులోనే ఉన్నాయి, పద్ధతులు దాదాపు ఒకటే.

ముందు అంకణం సంగతి తేల్చుకోండి. మనకు తిరుపతిలో అంకణమంటే 36 చదరపు అడుగులు. వాకాడు మండలం 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది గానీ అంతకుముందంతా నెల్లూరు జిల్లానే. అక్కడి అంకణం 72 చదరపు అడుగులు. వాళ్ళు చెప్పింది నెల్లూరు అంకణమైతే మీ 12 అంకణాలు 864 చదరపు అడుగులు, అంటే 96 గజాలు, రెండు సెంట్లకు రవ్వంత తక్కువ. తిరుపతి లెక్కైతే అందులో సగమే. ఏ అంకణమో నోటితో అడిగి ఊరుకోకుండా టేపు పెట్టి కొలిపించండి. అగ్రిమెంటులో గజాలు రాయించండి.

ఇక కాగితాలు. నేను దెబ్బతిన్నది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తాను. 2015లో ఒకాయన ఇల్లు అమ్ముతానంటే 50 వేలు అడ్వాన్సు ఇచ్చాను. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తే 'నిల్' అని వచ్చింది. నిల్ అంటే ఏ లంపటమూ లేదనుకున్నాను. ఈసీలో కనపడేది రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. ఆ ఇల్లు కట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా రిజిస్ట్రారు ఆఫీసు గడప తొక్కలేదు, ఇంక అందులో ఏం కనపడుతుంది?

పది రోజుల తర్వాత ఒకామె నా షెడ్డుకొచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. మడతల దగ్గర చిరిగిపోయి అన్నం మెతుకులతో అతికించి ఉంది. దాన్ని నా పానాల పెట్టె మీద జాగ్రత్తగా పరిచి, "అన్నా, ఇది మా అమ్మ పట్టా. మేం ముగ్గురు ఆడబిడ్డలం ఉండాం. మమ్మల్ని ఒక మాటైనా అడక్కండా నువ్వెట్లా అడ్వాన్సు ఇచ్చినావు?" అంది. కోపంగా కూడా అనలేదు. ఆ గొంతు నాకు ఇప్పటికీ గుర్తే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లి ఆస్తిలో కూతుళ్ళకూ కొడుకులతో సమానంగా భాగం ఉంటుంది. అమ్ముతానన్న కొడుకు ఒక్కడి సంతకంతో నాకు ఆ ఇల్లు దక్కేది కాదు. పైగా అది ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా, అమ్మడం మీదే నిషేధం ఉన్నది.

ఊరి పెద్దలు రామాలయం దగ్గర కూర్చున్నారు. నేను బయటివాణ్ణి, ఆయన వాళ్ళ మనిషి. తీర్పు ఎటు పోతుందో నాకు ముందే తెలుసనుకున్నాను. అట్లా జరగలేదు. డబ్బు తిరిగివ్వాల్సిందే, కానీ వేట మొదలైనాక మూడు విడతల్లో ఇస్తాడు అని చెప్పారు. అది మే నెల, సముద్రంలో వేట నిషేధం నడుస్తోంది, ఆయన దగ్గర నిజంగానే రూపాయి లేదు. సెప్టెంబరు దాటేలోపు 50 వేలూ నా చేతికొచ్చాయి. పెద్దలు దురాయి, అంటే ఊరి కట్టుబాటు, వేస్తే అక్కడ ఎవరూ దాటరు. బయటివాళ్ళను ఉండనిస్తారా అన్న మీ ప్రశ్నకు నాకు సగం జవాబు ఆరోజే దొరికింది.

కాబట్టి మీరు చూడాల్సినవి చెప్తాను. స్థలం ప్రభుత్వం ఇచ్చిందా, గ్రామకంఠమా (ఊరి నివాస స్థలమా), కొన్నదా అని మొదట తేల్చుకోండి. ప్రభుత్వం ఇచ్చిన పట్టా భూములను అమ్మడం మీద 1977 చట్టం నిషేధం పెట్టింది. ఇళ్ళ స్థలాలకు కొన్నేళ్ళ గడువు దాటాక అమ్ముకునే వీలు తర్వాతి సవరణల్లో వచ్చింది. మీరు చూసిన ఇల్లు ఆ గడువు దాటిందో లేదో తహశీల్దారు ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్ట్రేషనే కాదు. గ్రామకంఠం అయితే చాలామంది దగ్గర పంచాయతీ ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు తప్ప లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన పత్రాలు) ఉండవు. అది తప్పేం కాదు, తరతరాలుగా అట్లాగే ఉన్నారు. కానీ బ్యాంకు లోను మీద ఆశ పెట్టుకొని ఉంటే ముందే బ్యాంకులో అడిగి చూసుకోండి, తర్వాత ఏడ్చి లాభం లేదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెప్పించుకొని, అందులో ఉన్న ప్రతి పేరూ సంతకం పెట్టేదాకా ఆగండి. దూరాన పెళ్ళై పోయిన చెల్లెలైనా సరే.

2004 డిసెంబరు 26 సునామీ తర్వాత కట్టించిన ఇళ్ళను మా తీరంలో ఇప్పటికీ సునామీ ఇళ్ళనే అంటారు. ఆ వరసలో ఇల్లైతే లబ్ధిదారు ఎవరు, అమ్మకూడదన్న షరతు ఏమైనా ఉందా అని చూడాల్సిందే.

పాత మిద్దె పడగొట్టి రెండంతస్తులు వేద్దామనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. సముద్రం పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా తీర నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. పల్లెల్లో సాధారణంగా మొదటి 200 మీటర్ల లోపల కొత్త కట్టడాలకు అనుమతి ఉండదు. అనుమతితో కట్టిన పాత ఇల్లైతే దాని కొలత పెంచకుండా బాగుచేసుకోవచ్చు. తరాలుగా అక్కడున్న మత్స్యకారులకు కొన్ని సడలింపులు ఉన్నాయి, అవి మనలాంటి కొన్నవాళ్ళ కోసం పెట్టినవి కావు.

ఇల్లు చూసేటప్పుడు ఒక కర్ర తీసుకుపోండి. శ్లాబు కింద నిలబడి గజానికో చోట తట్టండి. గట్టి శ్లాబు ఖణేల్‌మంటుంది, పాడైనది డొల్లగా మోగుతుంది. పాత రోజుల్లో చాలామంది ఎదురుగా ఉన్న ఇసకే వేసి, ఉప్పునీళ్ళతోనే కలిపి కట్టేశారు. ఆ ఉప్పు లోపలి కమ్మిని తినేస్తుంది. తుప్పు పట్టిన కమ్మి ఉబ్బి సిమెంటును బయటికి తోస్తుంది, పెచ్చులు ఊడతాయి. నేను కొన్న ఇంట్లో వంటింటి మీద అట్లాంటి చోటు ఒకటుంది. అమ్మినవాళ్ళు కొత్తగా సున్నం వేసి ఉంచారు. తట్టి చూశాను కాబట్టి పట్టుకున్నాను, ధరలో 60 వేలు తగ్గించారు, ఆ డబ్బుతోనే ఆ గది శ్లాబు మార్పించాను. కిటికీలకు ఇనుప ఊచలుంటే రెండు మూడేళ్ళకోసారి రంగు తప్పదు.

నీళ్ళు మే నెలలో తాగి చూడండి. మా వీధి బోరింగులో సంక్రాంతికి తియ్యటి నీళ్ళొస్తాయి, అవే మే వచ్చేసరికి ఉప్పగా మారి, నెలాఖరుకు సబ్బు కూడా నురగ రాదు. తాగడానికి క్యాన్లే.

ఇక మనుషుల సంగతి. నాకు ఎక్కువ చెప్పాలనున్నది ఇదే.

ఇల్లు కొన్న నెలలోనే ముందు ఖాళీకి ప్రహరీ కట్టిద్దామని ఇటుకలు దింపించాను. నా స్థలం, నా రిజిస్ట్రేషను, కొలత పక్కాగా ఉంది. సాయంత్రం ఎదురింటి అవ్వ వచ్చి ఇటుకల మీద కూర్చుంది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాయనా, గోడ కట్టుకో, నీ జాగానే. కానీ మా ఆయన ఉన్నప్పట్నించీ ఈడనే వల ఆరేసేది. నువ్వు గోడ కడితే వల యాడ ఆరేసుకునేది?" అంది. అప్పుడు నేల వంక చూశాను. ఇసకలో వల ఈడ్చిన చారలు వరసగా నా గడప దాకా వచ్చి ఆగి ఉన్నాయి. నేను ఏడాది పైగా అదే దారిలో నడిచాను, ఒక్కసారీ చూడలేదు.

గోడ కట్టలేదు. ఆ ఇటుకలతో అరుగు పొడిగించాను. వేట నిషేధం రోజుల్లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, ఆ అరుగు మీద నలుగురు కూర్చొని వలలు కుట్టుకుంటారు. వాళ్ళ మాటల్లోనే నాకు ఏ ఇంజను మొరాయిస్తోందో, ఎవరింట్లో పెళ్ళో, ఎవరికి ఒళ్ళు బాగాలేదో తెలిసేది. మా ఆవిడకు పురిటి నొప్పులు వచ్చిన రాత్రి ఆటో కోసం నేను పరిగెత్తేలోపు ఆ అరుగు మీది మనిషే బండి తెచ్చి నిలబెట్టాడు.

ప్రహరీ లోపల తలుపేసుకొని బతకాలనుకుంటే అక్కడ కొనొద్దని గట్టిగా చెప్తున్నాను. గుడికి ఇంటికింత అని వేసే చందా మీకూ వేస్తారు, కట్టండి. చావుకి పోవాలి, పెళ్ళికి పోవాలి. వల మీదా పడవ మీదా చెప్పుల కాలు పెట్టకూడదు. మనం తాతయ్యగుంట గంగమ్మకు మే నెలలో ఎట్లా మొక్కుతామో, వాళ్ళు ఆ నీళ్ళనే గంగమ్మ అని మొక్కుతారు. నిషేధం నెలల్లో పక్కింటివాళ్ళు చేబదులు అడుగుతారు. ప్రభుత్వ సాయం అందినా రెండు నెలలూ గడవడం కష్టం. ఇవ్వగలిగింది ఇవ్వండి, ఇవ్వలేకపోతే మెత్తగా చెప్పండి. వేట మొదలైన మొదటి వారం ఉదయాన్నే గుమ్మంలో కవళ్ళో, నెత్తళ్ళో ఆకులో కట్టి ఉంటాయి. ఎవరు పెట్టారో కూడా చెప్పరు.

ఒక విషయంలో మాత్రం నాకు భయంగా ఉంది, దాచను. ఈ మధ్య సముద్రం కనపడే స్థలాలకు బయటి నుంచి కార్లలో వచ్చి బేరాలు చేస్తున్నారు. వాళ్ళకు కావాల్సింది కాపురం కాదు, వారాంతపు గెస్ట్‌హౌసు. అట్లా నాలుగిళ్ళు పోతే వల ఆరేసే చోటు, పడవ లాగే దారి పోతాయి. పెద్దలు మిమ్మల్నీ మొదట ఆ కంటితోనే చూస్తారు. అది అవమానంగా తీసుకోకండి. మీరు కాపురానికే వస్తున్నారని నేరుగా వెళ్ళి చెప్పండి, బ్రోకరుతో చెప్పించకండి.

నా సలహా ఒకటే: అడ్వాన్సు ఇవ్వకముందు అక్కడే ఒక గది అద్దెకు తీసుకొని, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉండండి. మన తీరానికి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాల్లోనే. వాయుగుండం పట్టిన రాత్రి ఆ ఇంటి పైకప్పు ఎట్లా ఉందో, వీధిలో నీళ్ళు ఎంతసేపు నిలుస్తాయో, బకింగ్‌హాం కాలువ మీది దారి తెరిచే ఉందో లేదో, తుపాను షెల్టరుకు పిల్లలతో ఎంతసేపట్లో నడవగలరో అప్పుడే తెలుస్తుంది. అమ్మేవాళ్ళు తొందరపెడితే, మార్చిలో ఎండగా ఉన్నప్పుడు చూసి సంతకం పెట్టమంటే, ఒప్పుకోకండి.

పిల్లల బడి గురించి అడిగారు. చిన్న తరగతులు పాళెంలోనే. హైస్కూలుకు మా పిల్లలు వాకాడు పోతున్నారు, బస్సు తప్పితే షేరాటోనే. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా రావాలి, దూరం వంద కిలోమీటర్లు దాటుతుంది. మీ ఉద్యోగం తిరుపతిలోనే అయితే రోజూ తిరగడం కుదరదు. వారానికోసారి వచ్చిపోయే పనైతే కుటుంబాన్ని ఒంటరిగా అక్కడ పెట్టకముందు మీ ఆవిడను తీసుకొచ్చి, ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టే వేళకు వీధిలో కాసేపు కూర్చోబెట్టండి. ఉండగలదో లేదో ఆమే చెప్తుంది.