సంఘం డబ్బు నా జీతం ఖాతాలో ఉంది, ఏం చేయాలి?

ప్రశ్న: లాయరు గారూ, మాది నెల్లూరు. చాలా ఏళ్లుగా చెన్నైలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో పనిచేస్తున్నాను. మిశ్రమంలోని రసాయనాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ, జీసీ యంత్రాల మీద పనిచేసేవాళ్లం కొందరం కలిసి 2017లో ఒక క్రొమటోగ్రఫీ సంఘం పెట్టుకున్నాం. నెలకోసారి గిండీ వైపు ఒక కాలేజీ గదిలో కలుస్తాం. కాలమ్‌లు, పీక్ షేపులు, మెథడ్ వాలిడేషన్ గురించి మాట్లాడుకుంటాం. ఇప్పుడు 140 మంది ఉన్నాం. తలా ఏడాదికి రూ.500 చందా. రిజిస్ట్రేషన్ లేదు. మొదటి నుంచీ కోశాధికారిని నేనే కాబట్టి చందాలన్నీ గూగుల్ పేలో నా జీతం ఖాతాకే వస్తాయి. నిరుడు ఒకరోజు సెమినార్ పెడితే యంత్రాలు అమ్మే రెండు కంపెనీలు చెరి రూ.2 లక్షలు స్పాన్సర్‌షిప్ ఇచ్చాయి. పాన్ అడిగితే నాదే ఇచ్చాను. ఇప్పుడేమో రిటర్న్‌లో చూపని రూ.4 లక్షలు ఉన్నాయని ఆదాయపు పన్ను శాఖ నుంచి మెసేజ్ వచ్చింది. ఇంట్లో ఒకటే టెన్షన్. ఖర్చులు పోను సంఘం డబ్బు రూ.1.80 లక్షలు నా దగ్గర మిగిలింది. దాన్ని తన ఖాతాకు పంపేయమని ప్రెసిడెంట్ గారు అంటున్నారు. లెక్కలు చూపకపోతే కేసు పెడతామని ఒక సభ్యుడు గ్రూపులోనే రాశాడు. రిజిస్టర్ చేయిద్దామంటే హైదరాబాద్ నుంచి వచ్చిన మిత్రులు అవసరం లేదంటారు. ఈసారి సెమినార్‌కు ఒక కంపెనీ తన సింగపూర్ ఆఫీసు నుంచి నేరుగా డబ్బు పంపుతానంటోంది. నన్నేం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకుడు, అంబత్తూరు

జవాబు: ముందుగా, ఆ రూ.1.80 లక్షలు ప్రెసిడెంట్ గారి సొంత ఖాతాకు మాత్రం పంపకండి. అలా పంపితే ఆయన మెడకూ చుట్టుకుంటుంది తప్ప మీ మెడ నుంచి ఊడిరాదు. పైగా రేపు ఎవరైనా నిలదీస్తే, సభ్యుల తీర్మానం లేకుండా సంఘం సొమ్ము ఇంకొకరి చేతిలో పెట్టింది మీరే అవుతారు. ఆయన మంచివారే కావచ్చు. అయినా డబ్బు ఒక జీతం ఖాతాలోంచి ఇంకో జీతం ఖాతాలోకి వెళ్తే సమస్య తీరినట్టు కాదు.

ఇక పన్ను సంగతి. ఆ రెండు కంపెనీలూ స్పాన్సర్‌షిప్‌ను ప్రకటన ఖర్చు కింద రాసుకుని ఉంటాయి. మీరిచ్చింది వ్యక్తి పాన్ కాబట్టి 1 శాతం, అంటే చెరి రూ.2 వేలు, టీడీఎస్ (చెల్లించేటప్పుడే మినహాయించే పన్ను) పట్టుకుని ఉంటాయి. మీ పాన్ మీద జమైన పన్నును చూపే 26ఏఎస్ పట్టిక తీసి చూడండి, ఆ పద్దులు కనిపిస్తాయి. ఈ పాన్ ఉన్న మనిషికి రూ.4 లక్షలు వచ్చాయి, రిటర్న్‌లో మాత్రం లేవు – శాఖ కంప్యూటరుకు తెలిసిందల్లా ఇంతే. మీ జీతం 30 శాతం శ్లాబులో ఉంటే దాని మీద పన్నే రూ.1.20 లక్షలు అవుతుంది. సెస్సు, వడ్డీ అదనం. అలాగని భయపడి కట్టేయకండి. డబ్బు ఎవరి ఖాతాలో పడినా, అసలు ఎవరి ఆదాయమో వాళ్లే పన్ను కట్టాలి. అయితే అది మీ ఆదాయం కాదని చూపించాల్సింది మాత్రం మీరే.

దానికి కాగితాలు కావాలి. సంఘం పేరుతో కంపెనీలు రాసిన ఉత్తరాలు, ఈమెయిళ్లు, వాళ్ల లోగోలున్న సెమినార్ కరపత్రం, హాలు అద్దె రసీదు, భోజనాల బిల్లు, బ్యాగులూ బ్యాడ్జీలూ చేయించిన బిల్లు, ఏ సభ్యుడు ఏ తేదీన రూ.500 పంపాడో చూపే పట్టిక. ఇవన్నీ బ్యాంకు స్టేట్‌మెంట్‌తో వరుసకు వరుస కలవాలి. తర్వాత సంఘానికి పాన్ తీసుకోండి. సభ్యుల మధ్య రాతపూర్వక ఒప్పందం ఉంటే రిజిస్టర్ కాని సంఘానికీ పాన్ వస్తుంది. అది చేతికొచ్చాక మీ ఏఐఎస్‌లోకి (మీ రాబడుల గురించి శాఖ దగ్గరున్న సమాచార పట్టిక) వెళ్లి, ఆ రెండు పద్దుల ఎదురుగా ఈ సమాచారం వేరే పాన్‌కు సంబంధించింది అనే జవాబు ఎంచుకోండి. ఈ ఆదాయం నాది కాదు, ఫలానా సంఘానిది అని ఆ కంపెనీలకు కూడా డిక్లరేషన్ ఇవ్వండి. అలా ఇస్తే టీడీఎస్‌ను అసలు హక్కుదారు పేరు మీద చూపే వీలు ఆదాయపు పన్ను నిబంధనల్లో ఉంది. కంపెనీ అకౌంట్స్ వాళ్లు విసుక్కుంటారు, అయినా వదలకండి. శాఖకు గడువులోగా జవాబు వెళ్లాలి. ఈ పనికి ఆడిటర్‌ను పెట్టుకోండి. ఆ ఫీజు సంఘం ఖర్చే, మీ జేబులోంచి పెట్టనక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. మీ ల్యాబులో ఒక ఇంజెక్షన్ మళ్లీ వేసినా, గ్రాఫులో ఒక పీక్‌ను చేత్తో ఇంటిగ్రేట్ చేసినా ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో ఆడిట్ ట్రయల్‌లో పడాల్సిందే. రికార్డులు నమ్మదగ్గట్టు ఉండాలనే ఆల్‌కోవా సూత్రాలని కొత్తగా చేరినవాళ్లకు మీరే పాఠం చెబుతారు. అలాంటివాళ్లు 140 మంది ఉండి, ఇన్నేళ్లలో సంఘం సొమ్ముకు ఒక రసీదు పుస్తకం పెట్టుకోలేదు.

డబ్బు సంఘానిదే అని తేలాక, సంఘం పన్ను కట్టాలా అన్న ప్రశ్న వస్తుంది. సభ్యుల చందాకు పెద్దగా భయం లేదు. మన డబ్బు మనమే వేసుకుని మన కోసమే ఖర్చు పెట్టుకుంటే అది లాభం కాదన్న సూత్రాన్ని కోర్టులు ఎప్పటినుంచో ఒప్పుకుంటున్నాయి. కానీ బయటివాళ్లిచ్చిన డబ్బుకు ఆ రక్షణ లేదు. బెంగళూరు క్లబ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు బ్యాంకు డిపాజిట్ల మీద వచ్చిన వడ్డీని కూడా ఆ సూత్రం కిందికి రానివ్వలేదు. ఆ బ్యాంకులు క్లబ్బులో సభ్యులే అయినా సరే. కాబట్టి మీ స్పాన్సర్‌షిప్ పన్ను లెక్కలోకి వస్తుంది, అయితే సెమినార్ ఖర్చులు తీసేయగా మిగిలినంతే. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. సభ్యుల వాటాలు ఎంతెంతో తేలని రిజిస్టర్ కాని సంఘానికి శ్లాబులు ఉండవు, మిగిలినదాని మీద గరిష్ఠ రేటు పడుతుంది. సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయిన సంఘాన్ని ఆ నిబంధన నుంచి మినహాయించారు. దానికి మామూలు మనుషులకు ఉన్నట్టే శ్లాబులుంటాయి. మీకు మిగిలినంత సొమ్ముకైతే పన్నే పడకపోవచ్చు. రిజిస్ట్రేషన్‌తో మనకేం ఒరుగుతుంది అనేవాళ్లకు ఈ ఒక్క ముక్క చెప్పండి.

మీ హైదరాబాద్ మిత్రులు అబద్ధం చెప్పలేదు, వాళ్ల ఊరి చట్టం చెప్పారు. అక్కడ 2001 చట్టం కింద ఏడుగురు కలిస్తే రిజిస్టర్ చేసుకోవచ్చు, ఇష్టం లేకపోతే మానేయవచ్చు. తమిళనాడులో అలా కాదు. ఇక్కడి 1975 సొసైటీల చట్టం 4వ సెక్షన్ ప్రకారం 20 మంది గానీ అంతకు మించి గానీ సభ్యులున్నా, ఏడాది ఆదాయమో ఖర్చో రూ.10 వేలకు చేరినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీరు రెండు గీతలూ ఎప్పుడో దాటేశారు. పోలీసులు తలుపు కొడతారని కంగారు పడకండి. కానీ ఇక వాయిదా వేయకండి. మీరు చూపే ఆఫీసు అడ్రసు ఏ జిల్లా రిజిస్ట్రారు పరిధిలోకి వస్తే అక్కడ దరఖాస్తు పెట్టాలి. అడ్రసు ఎవరో ఒక సభ్యుడి ఇల్లయినా ఫర్వాలేదు, ఇంటి యజమాని సమ్మతి ఉంటే చాలు. సంఘం పేరులో ఇండియన్, నేషనల్ లాంటి మాటలు పెట్టకండి, అక్కడే నెలలు గడిచిపోతాయి. మీలో కొందరికి సెక్షన్ 8 కంపెనీ (లాభాలు పంచుకోని కంపెనీ) పెట్టాలని ఉండొచ్చు. 140 మంది సంఘానికి ఆ ఫైలింగుల బరువు దండగ. ట్రస్టు అసలు పనికిరాదు, అందులో సభ్యులు కమిటీని ఎన్నుకునే పద్ధతి ఉండదు. 12ఏబీ అని అందరూ పిలిచే పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్‌కు కూడా మొదటి ఏడాదే పరుగెత్తకండి. ప్రజాప్రయోజనం కింద నమోదైన సంస్థ రాబడిలో వ్యాపారం లాంటివాటి వాటా 20 శాతం దాటితే ఆ ఏడాది మినహాయింపు పోతుంది. మీ రాబడిలో ఎక్కువ భాగం స్పాన్సర్‌షిప్పే. జీఎస్టీకి రూ.20 లక్షల పరిమితి ఉంది, మీరింకా ఆ దరిదాపుల్లో లేరు.

డబ్బు అప్పగింత ఇలా జరగాలి. సభ్యులందరికీ నోటీసు ఇచ్చి సమావేశం పెట్టండి. 2017 నుంచి నేటి వరకు జమాఖర్చు పట్టిక సభ ముందుంచండి. తొలినాళ్ల బిల్లులు కొన్ని దొరకవు, ఆ మాట దాచకుండా పట్టికలోనే రాయండి. సభ ఆమోదించాక మినిట్స్‌లో తీర్మానం రాయించండి: కోశాధికారి ఫలానా గారు సంఘం తరఫున తన ఖాతాలో ఉంచిన మొత్తం, పెట్టిన ఖర్చు, మిగిలిన రూ.1.80 లక్షలు సభ పరిశీలించి ఆమోదించింది, ఆ మొత్తాన్ని కొత్తగా రిజిస్టర్ అయిన సొసైటీ ఖాతాకు బదిలీ చేయాలని తీర్మానించింది. కొత్త సొసైటీ కమిటీ కూడా పాత సంఘం ఆస్తులూ బాకీలూ స్వీకరిస్తున్నట్టు తీర్మానం చేయాలి. బదిలీ బ్యాంకు ద్వారానే జరగాలి. ముట్టినట్టు రసీదు ఒరిజినల్ మీ దగ్గర ఉంచుకోండి. కొత్త ఖాతాకు ఇద్దరి సంతకాలు తప్పనిసరి చేయండి. అప్పటిదాకా ఆ సొమ్మును జీతంలో కలవనీయకుండా విడిగా వేరే సేవింగ్స్ ఖాతాలో పెట్టి, ఎంత పెట్టారో గ్రూపులో రాయండి.

కేసు పెడతానన్నాయన మాటలో చట్టం లేకపోలేదు. నమ్మి అప్పగించిన సొమ్మును దురుద్దేశంతో వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 316 సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. కానీ దురుద్దేశం ఉందని తేలాలి. లెక్క రాసి సభ ముందు పెట్టినవాడి మీద ఆ మాట నిలవడం కష్టం. ఆయనతో గ్రూపులో వాదనకు దిగకండి. లెక్కలు తనిఖీ చేసే ఇద్దరిలో ఒకరిగా ఆయననే ఉండమనండి.

బైలాలు, అంటే సంఘం నియమాలు, నెట్‌లో దొరికినవి దించుకోకండి. కమిటీలో కనీసం ముగ్గురుండాలి, పదవీకాలం మూడేళ్లకు మించకూడదు, మళ్లీ ఎన్నిక కావచ్చు. ఇవి చట్టంలోనే ఉన్నాయి. ఏటా సర్వసభ్య సమావేశం, ఆడిట్ అయిన లెక్కలు రిజిస్ట్రారుకు పంపడం, కమిటీ మారితే ఫారం 7 వేయడం – సంఘాలు పడిపోయేది ఇక్కడే. రెండు వర్గాలు రెండు ఫారం 7లు పట్టుకొస్తే ఎవరి ఎన్నిక చెల్లుతుందో రిజిస్ట్రారు తేల్చరు, సివిల్ కోర్టుకు వెళ్లమంటారు. ఇక మీలాంటి సంఘానికి ప్రత్యేకంగా రాసుకోవాల్సింది యంత్రాల కంపెనీల ఉద్యోగుల గురించి. వాళ్లు సభ్యులు కావచ్చు, కమిటీలోకీ రావచ్చు, చట్టం అడ్డు చెప్పదు. కానీ వాళ్ల సంఖ్య మూడో వంతుకు మించకూడదనీ, సొంత కంపెనీ స్పాన్సర్‌షిప్ చర్చకు వచ్చినప్పుడు ఓటు వేయకూడదనీ, సభ్యుల ఫోన్ నంబర్ల జాబితా ఏ స్పాన్సర్‌కూ ఇవ్వకూడదనీ రాసి పెట్టుకోండి. లేకపోతే నాలుగేళ్లకు మీ సెమినార్ కాస్తా ఒక కంపెనీ డెమో అయి కూర్చుంటుంది.

సింగపూర్ డబ్బు వద్దు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా విదేశీ కంపెనీ నుంచి విరాళం తీసుకోకూడదు. మామూలుగా ఆ రిజిస్ట్రేషన్ రావాలంటే సంస్థకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో తన కార్యక్రమాల మీద రూ.15 లక్షల ఖర్చు ఉండాలి. అదే కంపెనీ భారతీయ శాఖను అడగండి. విదేశీ వాటా సగానికి మించినా, విదేశీ పెట్టుబడుల పరిమితికి లోబడి ఉంటే 2016 సవరణ వల్ల దాన్ని విదేశీ మూలంగా లెక్కించరు. విరాళమనే మాట రాయించుకోకుండా, స్టాల్‌కూ లోగోకూ ఇన్‌వాయిస్ ఇచ్చి రూపాయల్లో తీసుకోండి.

మీరు అడగని సంగతి ఒకటి. నెలవారీ ప్రసంగాల్లో సభ్యులు తమ కంపెనీ మందుల క్రొమటోగ్రామ్‌లు (యంత్రం గీసిన గ్రాఫులు) చూపిస్తుంటారు కదా. ఉద్యోగంలో చేరినప్పుడు గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్లే అందరూ. యజమాని అనుమతి తీసుకున్నానని వక్త రాసిచ్చాకే ప్రసంగం పెట్టండి. కొత్త పద్ధతికి పేటెంట్ ఆలోచన ఉంటే ఇంకా జాగ్రత్త. పేటెంట్ల చట్టం 31వ సెక్షన్ ప్రకారం, ఆవిష్కర్త తానే విద్వత్ సంఘం ముందు చదివిన పత్రం వల్ల పేటెంట్‌కు కావాల్సిన కొత్తదనం పోదు, 12 నెలల్లో దరఖాస్తు వేస్తే చాలు. రిజిస్ట్రేషన్ లేని మీ గుంపును విద్వత్ సంఘమని ఎవరైనా ఒప్పుకుంటారా అన్నది వేరే ప్రశ్న. అదీ మన దేశంలోనే. యూరప్‌లో ఆ వెసులుబాటు లేదు, అక్కడా పేటెంట్ కావాలనుకునేవాళ్లు దరఖాస్తు వేశాకే నోరు విప్పాలి.

ఈ ఏడాది సెమినార్‌ను సొసైటీ పాన్, బ్యాంకు ఖాతా వచ్చేదాకా ఆపండి. ఈలోగా ఏ కంపెనీ అయినా అడ్వాన్స్ పంపుతామంటే మీ నంబరు మాత్రం ఇవ్వకండి.