ఏ బటన్ నొక్కినా 9 వస్తోందంటే

పైథాన్‌లో విండోలు, బటన్లు తయారుచేసే టికింటర్ లైబ్రరీలో ఫర్ లూప్‌తో 0 నుంచి 9 దాకా పది బటన్లు పెట్టారు, ఏది నొక్కినా 9 అనే వస్తోంది, అంతే కదండీ? తప్పు టికింటర్‌ది కాదు. బటన్‌కు ఇచ్చిన లాంబ్డాలో, అంటే పేరులేని చిన్న ఫంక్షన్‌లో, రాసిన 'ఐ' అనే లూప్ వేరియబుల్ తన విలువను అప్పటికప్పుడు దాచుకోదు, బటన్ నొక్కాక వెళ్లి చూస్తుంది. అప్పటికి లూప్ అయిపోయి, ఐలో 9 కూర్చుని ఉంటుంది. పది బటన్లూ ఆ ఒక్క ఐనే చూస్తాయి మరి.

లాంబ్డా పక్కన, కోలన్‌కు ముందు ఐ=ఐ అని రాయండి. డిఫాల్ట్ విలువ లాంబ్డా తయారయ్యేటప్పుడే ఖాయమవుతుంది కాబట్టి ఏ బటన్ అంకె దానికే ఉంటుంది. నాకైతే ఫంక్షన్‌కు విలువను ముందే జతచేసి ఇచ్చే, ఫంక్‌టూల్స్ మాడ్యూల్‌లోని పార్షల్ ఇంకా నచ్చుతుంది, ఆరు నెలల తర్వాత చదివినా అర్థమవుతుంది. అలాగని లాంబ్డా తీసేసి, బటన్ నొక్కితే ఏది నడవాలో చెప్పే కమాండ్ దగ్గర నేరుగా ఫంక్షన్‌ను బ్రాకెట్లతో పిలిచేరు! నొక్కకముందే అది నడిచిపోతుంది, తర్వాత బటన్ ఉలకదు పలకదు.

ఎంటర్ కీకి ఫంక్షన్‌ను ముడిపెట్టే బైండ్ వాడితే ఇంకో మెలిక ఉంది. కమాండ్ ఏమీ పంపదు గానీ, బైండ్ మాత్రం ఈవెంట్‌ను, అంటే ఏ కీ నొక్కారో లాంటి వివరాలను, మొదటి ఆర్గ్యుమెంట్‌గా పంపుతుంది. అందుకని అక్కడ లాంబ్డాకు మొదట ఈవెంట్, ఆ తర్వాత ఐ=ఐ ఇవ్వాలి. లేదంటే ఐలోకి ఈవెంటే వచ్చి చేరుతుంది, ఆ పిలుపు దగ్గర ఎర్రర్ కూడా రాదు. నాకు ఓ సాయంత్రమంతా దీనికే సరిపోయింది.